నాడి పెట్టె దగ్గర లింగయ్య కాక

పోయిన చలికాలం షార్జాలో మా అమ్మాయి ఇంట్లో నెల రోజులు ఉన్నాం. రోలా సందుల్లో, కింద బట్టల దుకాణాలూ పైన కిక్కిరిసిన కాపురాలూ ఉన్న పాత భవనం. తొమ్మిదో అంతస్తు వాళ్లది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ సుగుణ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నేను కుర్చీలో కునుకు తీస్తున్నాను. ఎవరో వెనక నుంచి మెల్లగా నెట్టినట్టు కుర్చీ కదిలింది. గోడకున్న క్యాలెండరు ఊగింది, వంటింట్లో గరిటెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అంతే, ఆగిపోయింది. "నాకు కండ్లు తిరిగినయా ఏంది?" అంది సుగుణ. అమ్మాయి అప్పటికే ఫోన్ చూస్తోంది. "ఏం లేదమ్మా, ఇరాన్ దిక్కు భూకంపం వచ్చిందట, మనకు ఊరికె ఊగింది" అని, ఎంత తీవ్రతో, ఎంత లోతున పుట్టిందో, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో చదివి వినిపించింది. కుర్చీ ఆగి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

ఆ గంటలూ నిమిషాలూ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ ఆదివారం అల్లుడు మమ్మల్ని కారులో కొండల వైపు తీసుకెళ్లాడు. ధైద్ దాటాక ఒకప్పుడు లారీ ఎగిరెగిరి పడుతూ పోతే ఒక పూట పట్టే దారి, ఇప్పుడు సొరంగాల్లోంచి నున్నగా జారిపోయింది. కొండలు మాత్రం అవే. కాల్చిన ఇటుకల బట్టీ చల్లారాక మిగిలే రంగు, గడ్డి పరక లేదు. "ఇన్ని రోజులు ఇక్కడ పనిచేస్తివి గదా, ఎక్కడుంటుండె మీ క్యాంపు?" అని సుగుణ అడిగింది. చూపించలేకపోయాను. వాగు దారి మారిందని చెప్పాను. నిజానికి నాకు ఆ చోటు కనిపించింది.

నేను దుబాయ్ వచ్చింది ఇరవై రెండేళ్ల వయసులో, పెళ్లయిన నాలుగు నెలలకు. మా జగిత్యాల వైపు వాళ్లకు అప్పట్లో షార్జా అయినా అబుదాబి అయినా అన్నీ దుబాయే. సత్వాలో రేకుల కప్పున్న ఒక గదిలో పదకొండు మందిమి. చెమట బనియన్లు, మాడిన ఉల్లిగడ్డ, గోడకు తగిలించిన సబ్బు పెట్టెలు, అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేది ఆ గది. ఏడాదిపాటు కాంక్రీటు తట్టలు మోశాను. ఒకరోజు ఫోర్‌మన్ వచ్చి "ఇంగ్లీషు అంకెలు రాయొస్తదా ఎవరికైనా?" అని అడిగాడు. పది పాసైనవాణ్ని నేనొక్కణ్నే. ఏ పనో తెలియకుండానే చెయ్యెత్తాను. వారం తిరిగేసరికి మసాఫీ అవతల, కొండల మధ్య ఒక ఎండు వాగు ఒడ్డున ఉన్న క్యాంపులో తేలాను.

అక్కడ ఆనకట్టలాంటిదేదో కట్టాలని ఆలోచన. కట్టేముందు ఆ నేల ఎంత కదులుతుందో తెలుసుకోవడానికి ఒక విదేశీ కంపెనీని పెట్టారు. క్యాంపులో ఉండేది ముగ్గురం. మార్టిన్ సాబు భూగర్భ శాస్త్రవేత్త. నలభై దాటిన మనిషి, ఎండకు కందిన ముక్కు, జేబు నిండా రాళ్లు. వంటకూ కాపలాకూ లింగయ్య కాక. మూడోవాణ్ని నేను. వారానికి రెండుసార్లు గుల్ ఖాన్ అనే పఠాను నీళ్ల లారీ తెచ్చేవాడు. ఇంకా పైన, వాగు మలుపులో, సయీద్ అనే ముసలాయన రాతి ఇల్లు. భార్య, విధవ కూతురు, ముప్పై మేకలు, పది ఖర్జూరం చెట్లు. అంతకుమించి మనుషుల అలికిడి లేదు.

క్యాంపుకు రెండు వందల అడుగుల దూరంలో చిన్న రాతి గది కట్టి, అందులో యంత్రం పెట్టారు. దాని చెవి లాంటి భాగం బయట బండలో గొయ్యి తవ్వి పాతేశారు. భూమి ఏ కాస్త అదిరినా ఆ చెవికి వినిపిస్తుంది. లోపల ఒక గుండ్రని డబ్బా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. దానికి మసి పట్టించిన కాగితం చుట్టి ఉంటుంది. సన్నని ముల్లు ఆ మసిని గీరుకుంటూ పోతే, నల్లని కాగితం మీద తెల్లని గీత. ఒక కాగితం ఒక రోజుకు సరిపోతుంది. రోజూ తొమ్మిది గంటలకు దాన్ని తీసి కొత్తది పెట్టడం నా పని. ముందు నున్నని తెల్ల కాగితాన్ని డబ్బాకు చుట్టి, కిరోసిన్ దీపం మంట మీద తిప్పుతూ మసి పట్టించాలి. ఎక్కడా పలచన కాకూడదు. తీసిన కాగితం మీద సూదితో తేదీ, పెట్టిన టైమ్, తీసిన టైమ్ రాయాలి. రేడియోలో గంట గంటకూ వచ్చే కూతలతో గడియారం సరిచూసి, తేడా ఎన్ని సెకన్లో కూడా రాయాలి. ఆ తర్వాత లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి తాడుకు ఆరేయాలి. ముంచాక ఇక మసి చెదరదు. ముంచకముందు మాత్రం వేలు తగిలినా పోతుంది. "నువ్వు తప్ప ఎవరూ ముట్టకూడదు" అని సాబు మొదటి రోజే చెప్పాడు. నా ఒంటికి, అన్నానికి, దుప్పటికి రెండేళ్లపాటు కిరోసిన్, లక్క వాసన.

లింగయ్య కాక దానికి నాడి పెట్టె అని పేరు పెట్టాడు. ఆయనది నిజామాబాద్ జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు దిక్కు ఊరు. నలభై ఐదేళ్లుంటాయి. పొట్టి మనిషి, మెడ వెనక కండ గట్టిగా తేలి ఉండేది. చదువు లేదు. తాత నాటి నుంచి బావులు తవ్వడమే వాళ్ల పని. పొద్దున్నే లేచి చాయ్ పెట్టి, మొదటి గ్లాసులోంచి రెండు చుక్కలు నేల మీద ఒలికించి అప్పుడు తాగేవాడు. ఎక్కడ కూర్చున్నా పక్కనున్న రాయిని వేలి కణుపుతో కొట్టి చూడడం ఆయన అలవాటు. పిల్లల తల తట్టినట్టే తట్టేవాడు. "రాయి పలుకుతది బిడ్డా. గట్టిది ఖణేల్మంటది. లోపల పగులున్నది బొద్దుమంటది. బావిల దిగెటోడు ముందుగాల గది నేర్వాలె" అనేవాడు. ఆయన తమ్ముడు మల్లయ్య బావిలో ఒడ్డు కూలి చనిపోయాడు. పైనుంచి గంపలో దిగి, రాళ్లు తీసి, తమ్ముణ్ని ఎత్తుకొచ్చింది ఈయనే. ఆరోజే ఇక బావిలో కాలు పెట్టనని ఒట్టేసుకున్నాడట. దుబాయ్ రావడానికి కారణం అదేనని నాకు ఒక్కసారే చెప్పాడు, చపాతీ పిండి పిసుకుతూ, తల ఎత్తకుండా.

సాబు మధ్యాహ్నం మాతోనే తినేవాడు. ఆయన ఇంగ్లీషు నేను తెలుగు చెయ్యాలి, కాక తెలుగు నేను ఇంగ్లీషు చెయ్యాలి. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే కానీ ఇద్దరికీ వేరే దిక్కు లేదు. ఒకరోజు కాక "సాబును అడుగు, గీ నేల ఎందుకు అదురుతది?" అన్నాడు. సాబు పళ్లెంలోని రెండు రొట్టెలు తీసుకుని పక్కపక్కన పెట్టాడు. "భూమి పైపొట్టు ఒకటే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలు. ఇది అరేబియా పలక, అది ఇరాన్ పలక. మనం నిలబడ్డ ఈ పలక మన గోళ్లు పెరిగినంత నెమ్మదిగా అటు నెడుతూ ఉంటుంది" అని ఒక రొట్టెను నెట్టాడు. దాని అంచు రెండోదాని కిందికి దూరింది, పైది ముడతలు పడి లేచింది. "ఆ ముడతలే అక్కడి కొండలు. పట్టు జారినప్పుడల్లా అదురు." తర్వాత వేలితో మా చుట్టూ చూపించాడు. "ఈ కొండలు ఇంకా వింత. ఇవి ఒకప్పటి సముద్రం అడుగు. నీళ్ల కింద ఉండాల్సిన నేల ఒడ్డు మీదికి ఎక్కి కూర్చుంది."

కాక తమ ఊరి బావుల్లో రాయి నల్లగా ఉంటుందని, అందులో చిన్న చిన్న బొక్కలుంటాయని, పగలగొడితే ఆ బొక్కల్లో తెల్లని పలుకులు మెరుస్తాయని చెప్పమన్నాడు. నేను చెప్పేసరికి సాబు తినడం ఆపేశాడు. "అది అగ్నిపర్వతం రాయి. నేల చీలి కరిగిన రాయి పొంగి, పారి, చల్లారింది. కోట్ల ఏళ్ల కిందట. ఆ బొక్కలు అందులోని గాలి బుడగలు."

"అంటె మా తాతముత్తాతలు తవ్వింది సల్లారిన అగ్గినా?"

"అవును" అన్నాడు సాబు.

కాక చేతిలో రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. "మా మల్లయ్యకు జెప్పాల్సిన ముచ్చట" అన్నాడు. ఆ ఒక్క మాట నేను సాబుకు తెలుగు నుంచి మార్చలేదు. మారిస్తే బాగుండదనిపించింది.

నేను క్యాంపుకు వచ్చిన రెండో ఏడాది శీతాకాలంలో సాబు మీటింగుల కోసం పది రోజులు అబుదాబి వెళ్లాడు. అదే వారం మా ఊరి నర్సింలు సెలవు మీద పోయి తిరిగి వచ్చాడని, సుగుణ మాట్లాడిన క్యాసెట్ తెచ్చాడని గుల్ ఖాన్ కబురు తెచ్చాడు. అప్పట్లో చదువురాని వాళ్ల ఉత్తరాలు క్యాసెట్లే. రెండేళ్లు దాటింది ఆమె గొంతు విని. గురువారం తొమ్మిదికి కాగితం మార్చి లారీ ఎక్కాను. "రేపు తొమ్మిది కొట్టకముందే వస్త కాకా. నాడి పెట్టె జోలికి మాత్రం పోకు" అన్నాను. "పో బిడ్డా, పెండ్లాం ముచ్చట విని రా" అని నవ్వాడు. క్యాంపులో ఉన్న ఒకే ఒక గడియారం నా చేతికే ఉంది.

సత్వా గదిలో దుప్పటి కప్పుకుని టేప్ రికార్డరు చెవికి ఆనించుకున్నాను. బర్రె ఈనిందని, దూడ ఆడదని, మా అమ్మకు మోకాళ్లు పట్టుకున్నాయని, వెనకాల కోడి కొక్కొక్కోమంటుంటే "ఉష్" అంటూ చెబుతోంది. మధ్యలో ఏం చెప్పాలో తోచక నవ్వింది. ఆ నవ్వు దగ్గర వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. మరుసటి రోజు తెల్లవారకముందే గుల్ ఖాన్ వచ్చి పిలిచాడు. శుక్రవారం, అందరికీ సెలవు. నర్సింలు మాంసం తెస్తానన్నాడు. "ఏమైతదిరా ఒక్కరోజుకు? భూమి ఏడికి పోతది?" అన్నాడు. గుల్ ఖాన్‌తో రేపు వస్తానని చెప్పి ఉండిపోయాను. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. నేనే ఉండిపోయాను.

శనివారం లారీలో తిరిగి వస్తుంటే ధైద్ చాయ్ దుకాణంలో అందరూ అదే మాట. నిన్న పగలు భూమి అదిరిందట. ఫుజైరా వైపు జనం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారట. గుల్ ఖాన్ నా వైపు తిరిగి, "సాబ్ భీ ఆజ్ ఆ రహా హై" అన్నాడు. సాబు కూడా ఈరోజే వస్తున్నాడు. అక్కడి నుంచి క్యాంపు వరకు సాబుకు ఏం చెప్పాలా అని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను.

నన్ను దింపి గుల్ ఖాన్ నీళ్లు దింపడానికి సయీద్ ఇంటి వైపు పోయాడు. కాక ఎదురు పరిగెత్తుకొచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "బిడ్డా, నిన్న భూమి నడిచింది! నేను పప్పు కడుగుతున్న, చేతిల గిన్నె ఉరికింది!" అంటూ నన్ను రాతిగదికి లాక్కుపోయాడు. తాడు మీద రెండు కాగితాలు వేలాడుతున్నాయి. శుక్రవారం నేను రాకపోయేసరికి, కాగితం అయిపోతే ముల్లు పాత గీతల మీదే గీస్తుందని ఆయనకు తెలుసు. ఇన్నాళ్లూ నన్ను చూస్తూ నేర్చుకున్నదంతా చేశాడు. మసి పట్టించాడు, నాకంటే నున్నగా పట్టించాడు. చుట్టాడు, ముల్లు ఆనించాడు. తీసినదాన్ని లక్కలో ముంచాడు. శనివారం పొద్దున మళ్లీ మార్చాడు. "మొదటిది గాలికి మసి రాలుతదని ముంచిన. రెండోదాంట్లనే నడిచింది భూమి. రాసుడు నాకు రాదు గదా, నువ్వు సూదితోటి రాస్తవని దాన్ని ముంచలే. పక్కలు తప్ప ఎక్కడ ముట్టలే" అన్నాడు.

రెండో కాగితం చూశాను. వరుసగా దువ్వినట్టున్న తెల్ల గీతల మధ్య ఒకచోట ముల్లు పిచ్చెత్తినట్టు పైకీ కిందికీ కొట్టుకుంది. తర్వాత చిన్నచిన్నగా సద్దుమణిగింది. మా స్టేషన్‌లో అంత స్పష్టమైన కదలిక ఎప్పుడూ పడలేదు. కానీ ఏ టైమ్‌కు కాగితం పెట్టారో తెలియకపోతే అది ఎప్పటి కదలిక? నాకు తోచిన టైమ్ రాస్తే, వేరే చోట్ల ఉన్న మిగతా రెండు యంత్రాలతో పోల్చగానే అబద్ధం బయటపడుతుంది. నేను రెండు రోజులు లేనని తెలుస్తుంది. మళ్లీ కాంక్రీటు తట్ట, లేదా ఏకంగా ఇంటికి. కదలికలేమీ లేని మొదటి కాగితం వెనక పెన్సిలుతో ఏదో టైమ్ గిలికాను. "కాకా, సాబు వస్తున్నడు, చాయ్ పెట్టు" అన్నాను. ఆయన సంబరంగా వెళ్లాడు. వాగు మొదట్లో జీపు దుమ్ము లేచింది. నేను అరచెయ్యి ఆ కాగితం మీద పెట్టి, ఆ కదలిక పడ్డ చోట అటూ ఇటూ రుద్దాను. మూడు రుద్దుళ్లు. ఇసుకతో చెయ్యి తోముకున్నాను.

సాబు జీపు దిగి ఎవరినీ పలకరించకుండా నేరుగా గదిలోకి వచ్చాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఈరోజు పొద్దున జ్వరంతో ధైద్ ఆసుపత్రికి పోయానని, వచ్చేసరికి ఆలస్యమైందని, ఈలోగా లింగయ్య కాగితం తీశాడని, తడి చేతులతో తీశాడని. కాక గుమ్మంలో చాయ్ గ్లాసులు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. తన గురించే చెబుతున్నానని అర్థమైంది ఆయనకు. మెచ్చుకుంటున్నాననుకున్నాడు.

సాబు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "టైమ్ లేకపోయినా పర్వాలేదే" అన్నాడు మెల్లగా. "గీత ఉంటే చాలు, మిగతా రెండిటితో పోల్చి నేను టైమ్ రాబట్టేవాణ్ని. ఎందుకు చెరిపాడు?"

అప్పటికైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఏమంటున్నడు సాబు?" అని కాక అడిగాడు.

"నీ చెయ్యి తగిలి పాడైందట కాకా."

ఆయన ముఖం నేను చూడకూడదనుకుంటూనే చూశాను. గ్లాసులు కింద పెట్టి దగ్గరికొచ్చి కాగితం వైపు వంగాడు. "అయ్యో... పొద్దుగాల మంచిగనె ఉండె గద బిడ్డా. తాడుకు ఏసేటప్పుడు తగిలిందా ఏందో. నాకు తెల్వనే తెల్వలే" అని తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. సాబు వైపు తిరిగి దండం పెట్టాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంగోటి సాబుకు చెప్పు. సయీదు ఇంటి మీది పెద్ద బండ ఉన్నది గదా, నిన్న అదిరినంక నేను పోయి గడ్డపారతోటి కొట్టి సూసిన. మొన్నటిదాంక ఖణేల్మంటుండె. ఇప్పుడు బొద్దుమంటున్నది. వెనక పగులు నా చెయ్యి దూరేటంత అయింది. ఆ ఇల్లు ఖాళీ జెయ్యాలె" అన్నాడు.

"ఏమంటున్నాడు?" సాబు అడిగాడు.

అది చెబితే ఎప్పుడు చూశాడు, నువ్వెక్కడున్నావు అని ప్రశ్న మీద ప్రశ్న వస్తుంది. "క్షమించమంటున్నాడు సాబ్" అన్నాను.

సాబు చెడ్డవాడు కాదు. వేరే క్యాంపుకు మార్చండి చాలు అని రాశాడు. కానీ షార్జా ఆఫీసులో ఉన్న ముదీర్, అంటే మేనేజరు, యంత్రాన్ని ముట్టినవాడు ఇక్కడ ఉండడానికి వీల్లేదు, ఖలాస్, వీసా రద్దు అన్నాడు. కాగితాలు కావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ కాక నాకు వంట నేర్పాడు. "నేను పోయినంక ఉపాసం ఉంటవు. పప్పుల చింతపండు ఉడికినంకనె ఎయ్యి, ముందే ఏస్తె పప్పు ఉడకది" అని పక్కన నిలబడి చెప్పేవాడు. నేను గరిటె తిప్పుతూ, ఇప్పుడు చెబుదాం, ఈ పోపు అయ్యాక చెబుదాం అనుకునేవాణ్ని. ఒక సాయంత్రం నేను కట్టెలకు పోయి వస్తుంటే, సయీద్ ఇంటి ముందు కాక నిలబడి కనిపించాడు. ఆయనకు వచ్చిన అరబ్బీ నాలుగు మాటలు. కొండ మీది బండను చూపిస్తున్నాడు. "జబల్ ఖలాస్! బేత్ ఖలాస్! యల్లా, యల్లా!" కొండ అయిపోయింది, ఇల్లు అయిపోయింది, పదండి. సయీద్ మొదట నవ్వాడు. కాక నవ్వలేదు. ఇంట్లోకి వెళ్లి వాళ్ల పరుపు తనే భుజాన వేసుకుని ఖర్జూరం తోటలోకి నడిచాడు. ఆ ముసలాయన చూసి చూసి, మేకలను విప్పాడు.

వెళ్లే రోజు గుల్ ఖాన్ లారీలో ముందు సీట్లో కాక కూర్చున్నాడు, ఒళ్లో రేకు పెట్టె. "మంచిగుండు బిడ్డా. సాబుకు నా తరఫున మల్ల ఒకసారి మాఫ్ చెయ్యమని చెప్పు" అన్నాడు.

మూడు వారాలు తిరక్కుండా ఇంకో అదురు వచ్చింది, ముందటిదానికంటే చిన్నది. బండ జారింది. సయీద్ ఇంటి ఖర్జూరం మొద్దుల కప్పు, రాతి గోడలు, పొయ్యి, అన్నీ దాని కింద పడ్డాయి. వాళ్లు తోటలో మట్టల గుడిసె వేసుకుని ఉన్నారు. ఒక్క మేక తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. మరునాడు సయీద్ ఒక సీసా నిండా కొండ తేనె తెచ్చి క్యాంపు ముందు నిలబడ్డాడు. "లింగా ఎక్కడ? లింగాకు తెచ్చాను" అని అడుగుతున్నాడని, తమను తోటలోకి పంపింది లింగయ్యేనంటున్నాడని గుల్ ఖాన్ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. జరిగిందంతా విన్నాక సాబు నా వైపు తిరిగాడు. "లింగయ్యకు ముందే తెలుసా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"నాకు తెలియదు సాబ్" అన్నాను.

ఆ రాత్రి కాదు, మరుసటి రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర సాబు అన్నాడు. "అతణ్ని వెనక్కి పిలిపిస్తాను. ముదీర్‌తో నేను మాట్లాడతాను. నువ్వు తెలుగులో ఉత్తరం రాయి, వస్తానంటే వీసా పంపిద్దాం." రాస్తానన్నాను. కాక వస్తే సాబు అడుగుతాడు, కాక చెబుతాడు. మధ్యలో నేనే ఉన్నా, ఎన్నాళ్లని ఇద్దరి మాటలూ నొక్కిపెట్టగలను? కాగితం తీసి "పూజ్యులైన లింగయ్య కాకకు" అని రాసి ఆపేశాను. నెల తర్వాత సాబు అడిగితే జవాబు రాలేదని చెప్పాను. తేనె సీసా సాబు నాకే ఇచ్చాడు, కాక తరఫున నువ్వు ఉంచుకో అని. చాలా రోజులు దాన్ని ముట్టలేదు. తర్వాత, ఇది కూడా చెప్పాలి, రొట్టెలో తిన్నాను. పారేయడానికి మనసొప్పలేదు.

ఆ తర్వాత నా బతుకు బాగుపడింది. సాబు సిఫారసుతో కంపెనీ ప్రయోగశాలలో పని దొరికింది. రాళ్లు కోసి, నూరి, అద్దం మీద అంటించే పని. కుర్చీ, ఫ్యాను, తర్వాత ఏసీ. సుగుణను తెచ్చుకున్నాను, అమ్మాయి అక్కడే బడికి పోయింది. ఇప్పుడు ఆ దేశంలో కొండలు తొలిచి దార్లు వేశారు, నేల కదిలితే ఎవరూ మసి పట్టించక్కర్లేదు, టైమ్ రాయక్కర్లేదు, రుద్దేస్తే పోయేది ఏదీ లేదు. మా అమ్మాయి చేతిలోని ఫోన్‌కు అబద్ధం చెప్పడం ఎవరివల్లా కాదు. అప్పుడూ ఇలాంటిదే ఉంటే నేను పట్టుబడి, ఇంటికి పంపేసి ఉండేవాళ్లు. పొలంలో నాగలి పట్టేవాణ్ని. ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను, ఆ బతుకు దీనికంటే ఎంత తక్కువై ఉండేదని. ఒక్కోసారి ఏమంత తక్కువ కాదనిపిస్తుంది. ఒక్కోసారి, నిజం ఒప్పుకోవాలంటే, మళ్లీ అదే చేస్తానేమోనని భయమేస్తుంది.

కాకను ఒక్కసారి చూశాను. ఆయన వెళ్లిన నాలుగేళ్లకు, సెలవు మీద వచ్చినప్పుడు. ఒక లుంగీ, సెంటు సీసా, టార్చిలైటు సంచిలో పెట్టుకుని, అన్నీ చెప్పేద్దామనే బస్సెక్కాను. రెండు బస్సులు మారాను. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకున్నాను. ఊళ్లో అడిగితే చేను వైపు చూపించారు. కొత్తగా తవ్వుతున్న బావి ఒడ్డున, నల్లరాళ్ల కుప్ప మీద కూర్చుని దగ్గుతున్నాడు. మెడ వెనక ఆ కండ లేదు. తల, కనుబొమ్మలు రాతి దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. వేరే పని దొరకలేదని, మళ్లీ దిగక తప్పలేదని ఆయన చెప్పలేదు. పక్కనున్న తాళ్లూ గంపా చూస్తే తెలిసింది.

నన్ను గుర్తుపట్టగానే లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంటికి తీసుకుపోయాడు. భార్య పోచవ్వను పిలిచి, "దుబాయ్‌ల నా పక్కన పండుకున్న పిలగాడు గీయనే" అన్నాడు. కూర్చున్నామో లేదో, "సయీదు ఇల్లు ఏమాయె?" అని అడిగాడు.

"కూలింది కాకా. నువ్వు పోయిన మూడు వారాలకె. అందరు తోటల ఉన్నరు, బతికిన్రు. నీకోసం వచ్చిండు సయీదు."

ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఆయనే ముందు నోరు తెరిచాడు.

"బిడ్డా, ఒక్క ముచ్చట అడుగుత. నా చెయ్యి తగిలి సాబు కాగితం ఖరాబాయె గదా. నాలుగేండ్ల సంది గదే మనసుల మెదులుతది. ఎంత పనిమంతుడు, ఎంత మంచిగ చూసెటోడు నన్ను. నువ్వు ముట్టకు అన్నవు, అయినా ముట్టిన. నాదే తప్పు. సాబుకు కోపం పోయిందా?"

పోచవ్వ పొయ్యి దగ్గర నుంచి నా వైపు చూస్తోంది. ఆమె కూడా ఆ జవాబు కోసమే నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నట్టుంది.

"పోయింది కాకా" అన్నాను. "మాఫ్ చేసిండు."

ఆయన భుజాలు దిగడం నాకు కనిపించింది. "ఇన్నవా, సాబు మాఫ్ జేసిండట" అన్నాడు భార్యతో. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, జొన్నరొట్టె, పప్పు పళ్లెంలో పెట్టి నా ముందుకు జరిపింది. కాక పక్కన కూర్చుని, తిను బిడ్డా, తిను, అంటూ ఉన్నాడు. ఇంకో రొట్టె కావాలా అని అడిగితే వద్దనలేకపోయాను. కడుపు నిండా తిని, వాళ్లిద్దరూ బస్సు దాకా వచ్చి సాగనంపితే, ఎక్కి వచ్చేశాను.